వాషౌట్ ముగిసింది, కార్టిసాల్ తిరిగి రాలేదు: ఒక ప్రొఫెషనల్ సైక్లిస్ట్ కేసు

సైక్లింగ్‌లో డోపింగ్ అనగానే జనానికి ఎర్ర రక్తకణాలు పెంచే ఈపీఓ మందు, రక్తం సంచులు గుర్తొస్తాయి. ఈ కేసులో ఆ రెండూ లేవు. ఉన్నవి ట్రయామ్‌సినొలోన్, ప్రెడ్నిసొలోన్, బ్యుడెసొనైడ్ లాంటి గ్లూకోకార్టికాయిడ్లు. కండలు పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లు వేరు, ఇవి వేరు. ఇవి వాపు తగ్గించే మందులు, ఆస్తమాకీ కీళ్ళ నొప్పులకీ రోజూ రాసేవే. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధ జాబితాలో వీటిది ఎస్9 వర్గం. నోటి ద్వారా, ఇంజెక్షన్ ద్వారా, మలద్వారం ద్వారా తీసుకుంటే పోటీ సమయంలో నిషేధం. 2022 జనవరి 1 నుంచి కీలులోకి ఇచ్చే సూది కూడా ఈ నిషేధం కిందికి వచ్చింది. పీల్చేవి, ముక్కులో కొట్టుకునేవి, చర్మానికి రాసేవి మామూలు మోతాదులో అనుమతే. పోటీ లేని రోజుల్లో అసలు నిషేధమే లేదు.

ఈ చివరి వాక్యం ఇచ్చిన సందులోనే కేసు మొత్తం నడిచింది. మందు తీసుకున్నాక రేసుకి ముందు ఆగాల్సిన రోజుల్ని వాషౌట్ అంటారు. కార్టిసాల్ అంటే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే, ఒంటిని ఒత్తిడిలో నిలబెట్టే హార్మోన్, గ్లూకోకార్టికాయిడ్లు దానికి నకళ్ళు. ఇతనికి వైద్యం చేసిన మేం, రైడర్‌ని గుర్తుపట్టే వీలు లేకుండా దేశం, జట్టు, సీజన్, రేసుల పేర్లు తీసేశాం. ఏ మందు ఎప్పుడు పడింది, వాటి మధ్య దూరం ఎంత అన్నది మాత్రం అలాగే ఉంచాం. రోగనిర్ధారణా, ఆ తర్వాతి నియమాల చిక్కూ రెండూ దాని మీదే ఆధారపడ్డాయి.

నేపథ్యం

వయసు ఇరవైల చివర. యూరప్‌లో ప్రొఫెషనల్ జట్టులో ఏడో సీజన్. కొండ స్టేజీల్లో జట్టు నాయకుడి ముందు గాలికి అడ్డంగా తొక్కుతూ చివరి ఎత్తు దాకా తీసుకెళ్ళడం ఇతని పని. ఎత్తు 179 సెంటీమీటర్లు, మామూలు బరువు 66 కిలోలు. మంచి ఫామ్‌లో 20 నిమిషాల పాటు 395 వాట్లు పెట్టగలిగేవాడు. అంటే కిలోకి 6 వాట్లు. అదే పవర్ 62 కిలోల ఒంటితో పెడితే కిలోకి 6.4 దగ్గరికి వస్తుంది. పెద్ద కొండ రేసుల్లో జట్టులో చోటు దక్కడానికీ ఇంట్లో కూర్చోవడానికీ మధ్య తేడా ఇంతే.

ట్రయామ్‌సినొలోన్ ఆకర్షణ కూడా ఇక్కడే. మిగతా గ్లూకోకార్టికాయిడ్లు ఆకలి పెంచుతాయి, ఒంట్లో నీరు చేరుస్తాయి. ట్రయామ్‌సినొలోన్‌తో ఆకలి చచ్చి బరువు తగ్గడం ఎక్కువగా కనిపిస్తుంది. నొప్పి తెలియదు, మనసు హుషారుగా ఉంటుంది, తిండి తక్కువైనా తొక్కగలుగుతారు. వారం రోజులు ప్రెడ్నిసొలోన్ ఇచ్చి చూసిన ఫ్రెంచ్ ప్రయోగాల్లో అలసిపోయే దాకా తొక్కగలిగే సమయం పెరిగింది కూడా. కాబట్టి ఇది ఉత్త నమ్మకం కాదు. 1999 టూర్ డి ఫ్రాన్స్‌లో అమెరికన్ రైడర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ నమూనాలో దొరికిందీ ఇదే. పుండు మీద రాసే క్రీమ్ పేరుతో చీటీ చూపించారు. 2012 టూర్ ముందు బ్రిటన్ రైడర్ బ్రాడ్లీ విగ్గిన్స్ దీన్నే చికిత్సా మినహాయింపుతో, అంటే టీయూఈతో, వాడిన సంగతి 2016లో హ్యాకర్ల వల్ల బయటపడింది. విగ్గిన్స్ వాడింది నియమాల లోపలే. 2018లో బ్రిటిష్ పార్లమెంటరీ కమిటీ నివేదిక మాత్రం ఆ వాడకం వెనకున్న ఉద్దేశాన్ని గట్టిగా ప్రశ్నించింది.

వచ్చిన సమస్య

వసంతకాలపు రేసుల తర్వాత రైడర్ మా దగ్గరికి వచ్చేసరికి బరువు 61.2 కిలోలు. 20 నిమిషాల పవర్ 340 వాట్లకు పడిపోయింది. పొద్దున లేవగానే కడుపులో తిప్పడం, అన్నం సయించకపోవడం, మంచం దిగితే కళ్ళు తిరగడం, మోకాళ్ళూ వేళ్ళ కణుపులూ నొప్పి. రేసులో గుండె వేగం 188 దాకా వెళ్ళేది 170 దాటడం లేదు. మూడు వారాల కింద ఒక వైరల్ జ్వరం వచ్చి తగ్గింది కానీ మనిషి తేరుకోలేదు.

మా దగ్గరికి రాకముందు మూడు ప్రయత్నాలు జరిగాయి.

మొదటిది విశ్రాంతి. ఓవర్‌ట్రైనింగ్ అని రెండు వారాలు సైకిల్ ముట్టనివ్వలేదు. నిద్ర మెరుగైంది, కళ్ళు తిరగడం తగ్గలేదు. ఓవర్‌ట్రైనింగ్‌లో గుండె వేగం పెరగకపోవడం ఉంటుంది కాబట్టి ఆ అనుమానం తప్పేమీ కాదు. కానీ పడుకున్నప్పటి బీపీ, నిలబడ్డాక బీపీ రెండూ చూసి ఉంటే దారి అక్కడే మారేది.

రెండోది తిండి. శక్తి లోటు, అంటే రెడ్-ఎస్ అనుకుని రోజుకి 600 కిలోక్యాలరీలు పెంచమన్నారు. ఆ ఆలోచన సగం సరైనది. టెస్టోస్టెరాన్ 8.4 నానోమోల్స్, థైరాయిడ్ హార్మోన్ టీ3 తక్కువ, ఎముక సాంద్రత తక్కువ. మూడూ శక్తి లోటుకి సరిపోతాయి. కానీ అతను తినలేకపోయాడు. రెడ్-ఎస్‌లో ఉన్న రైడర్ సాధారణంగా తినాలనిపించినా తిననివ్వకుండా తనని తాను ఆపుకుంటాడు. ఇతనికి కంచం చూస్తేనే వికారం. ఈ తేడా చిన్నదే కానీ దాన్ని అడిగి రాసుకోవాలి.

మూడో ప్రయత్నం ప్రమాదకరమైనది. టీ3 తక్కువగా ఉందని ఒక ప్రైవేటు వైద్యుడు థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు మొదలుపెట్టారు. థైరాయిడ్‌ని నడిపే టీఎస్‌హెచ్ హార్మోన్ 1.4, పూర్తిగా మామూలు. అంటే థైరాయిడ్ జబ్బు లేదు. తిండి చాలనప్పుడు శరీరం తనంతట తాను టీ3 తగ్గించుకుంది. థైరాక్సిన్ నిషేధ జాబితాలో లేదు కాబట్టి సైక్లింగ్‌లో ఇది చేతికి తేలిగ్గా దొరికే మందు. అయితే అది కార్టిసాల్‌ని కాలేయంలో త్వరగా ఖర్చు చేయిస్తుంది. కార్టిసాల్ అసలే తక్కువ ఉన్న మనిషికి ముందుగా థైరాక్సిన్ ఇస్తే అడ్రినల్ సంక్షోభం, అంటే కార్టిసాల్ కరువై ఒళ్ళు కుప్పకూలే స్థితి, తెచ్చిపెట్టినట్టే. తొమ్మిదో రోజు పొద్దున వాంతులై బాత్‌రూమ్‌లో పడిపోయాడు. ఆసుపత్రిలో ఒక లీటరు సెలైన్ ఎక్కించారు, రెండు గంటల్లో లేచి కూర్చున్నాడు. సోడియం 131, అంటే తక్కువ. డీహైడ్రేషన్ అని రాసి పంపేశారు. ఆ రోజు కార్టిసాల్ కోసం రక్తం తీసి పక్కన పెట్టి ఉంటే నెల ముందే తెలిసేది. సెలైన్‌తో తేరుకోవడం డీహైడ్రేషన్‌కి రుజువు కాదు. అడ్రినల్ లోపం ఉన్నవాడూ సెలైన్‌తో కాసేపు తేరుకుంటాడు.

మేం ఎలా ఆలోచించాం

పడుకోబెట్టి అయిదు నిమిషాల తర్వాత బీపీ 104/62. నిలబెట్టిన మూడో నిమిషానికి 82/54, నాడి 58 నుంచి 96కి. ఓర్పు క్రీడాకారుల్లో బీపీ కొంచెం తక్కువే ఉంటుంది కానీ పై అంకె 20 దాటి పడితే దాన్ని ఫిట్‌నెస్ ఖాతాలో వేయకూడదు. సోడియం 133, పొటాషియం 4.2. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు 8 శాతం. అలర్జీ ఉన్న మనిషి కాబట్టి ఇసినోఫిల్స్‌ని ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఏడాదిగా స్టెరాయిడ్ వాడుతున్నవాడిలో అవి తగ్గి ఉండాలి, పెరగకూడదు.

పొటాషియం మామూలుగా ఉండటం మమ్మల్ని ఒక దిక్కుకి తోసింది. అడ్రినల్ గ్రంథే పాడైతే లవణాల్ని సర్దే ఆల్డోస్టెరాన్ హార్మోన్ కూడా పోయి పొటాషియం పెరగాలి, చర్మం నల్లబడాలి. రెండూ లేవు. అంటే గ్రంథి బాగానే ఉంది, దానికి పైనుంచి పిలుపు రావడం లేదు. బయటి నుంచి వండిన అన్నం రోజూ వస్తుంటే ఇంట్లో పొయ్యి వెలిగించరు. మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి కూడా బయటి స్టెరాయిడ్ ఉన్నన్నాళ్ళూ, అడ్రినల్‌ని పిలిచే ఏసీటీహెచ్ హార్మోన్ పంపడం మానేస్తుంది. నెలల తరబడి అలా ఉంటే అడ్రినల్ గ్రంథి కుంచించుకుపోతుంది. మందు ఆపిన మర్నాడే మళ్ళీ పనిచేయదు.

జట్టు దగ్గరున్న పాత రిపోర్టులో కార్టిసాల్ 128 నానోమోల్స్, పక్కన "మామూలు" అని ఉంది. ఆ నమూనా మధ్యాహ్నం మూడు గంటలకు తీసింది. ల్యాబ్ దాన్ని మధ్యాహ్నపు పరిధితో పోల్చింది. కార్టిసాల్ పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో శిఖరాన ఉంటుంది, లోపాన్ని పట్టేది అప్పటి అంకె. మేం మర్నాడు ఎనిమిదింటికి, ఖాళీ కడుపుతో, తొక్కకముందు తీయించాం. కార్టిసాల్ 62, అంటే డెసీలీటరుకి 2.2 మైక్రోగ్రాములు. ఏసీటీహెచ్ 5 పికోగ్రాముల కంటే తక్కువ. అడ్రినల్ తయారుచేసే మరో హార్మోన్ డీహెచ్‌ఈఏ-సల్ఫేట్ వయసుకి బాగా తక్కువ. రెడ్-ఎస్‌లో పొద్దుటి కార్టిసాల్ మామూలుగానో కాస్త ఎక్కువగానో ఉంటుంది, ఇలా నేలకి అంటదు. శక్తి లోటు ఉంది కానీ అసలు జబ్బు అది కాదు.

మందుల సంచి

ఇక్కడ అడిగే తీరు ముఖ్యం. "స్టెరాయిడ్లు వాడావా?" అంటే జవాబు "లేదు" అనే వస్తుంది. అది అబద్ధం కూడా కాకపోవచ్చు, ఎందుకంటే రైడర్ల మాటల్లో స్టెరాయిడ్ అంటే అనబాలిక్. "మోకాలికి సూది వేయించుకున్నావా, అలర్జీకి సూది ఉందా, పీల్చే మందు ఎన్ని పఫ్‌లు, ముక్కు స్ప్రే ఏది, దురదకి క్రీమ్ ఏది, శిబిరంలో మాత్రలేమైనా ఇచ్చారా" అని దారి దారిగా అడగాలి. ఇంటి నుంచి మందుల సంచి తెప్పించి బల్ల మీద గుమ్మరించమన్నాం. సగం వాడిన బ్యుడెసొనైడ్ ఇన్‌హేలర్లు రెండు, ఫ్లూటికసోన్ ముక్కు స్ప్రే, బలమైన స్టెరాయిడ్ క్రీమ్ ఒకటి, పేరు చెరిగిపోయిన అల్యూమినియం స్ట్రిప్‌లో 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ బిళ్ళలు ఆరు మిగిలి ఉన్నాయి.

ఏడాది చిట్టా ఇలా తేలింది. ట్రయామ్‌సినొలోన్ 40 మిల్లీగ్రాములు కండలోకి మూడుసార్లు, నవంబర్ నుంచి మార్చి మధ్య, "పుప్పొడి అలర్జీకి". పుప్పొడి లేని నవంబర్‌లో అలర్జీ సూది ఎందుకన్న ప్రశ్నకి జవాబు అక్కర్లేదు. మోకాలి పక్కన బీటామెథసోన్ రెండుసార్లు. ఎత్తైన ప్రాంతపు శిక్షణ శిబిరాల్లో రోజుకి 20 నుంచి 30 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్, ఒక్కో విడత అయిదారు రోజులు. వీటన్నిటి కింద ఏడాది పొడుగునా బ్యుడెసొనైడ్ రోజుకి 800 మైక్రోగ్రాములు. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఎవరూ ఉలిక్కిపడరు. కలిపితే పిట్యూటరీకి ఏడాదిలో తెరిపి దొరికిన నెల లేదు.

ట్రమడాల్ అనే నొప్పి మందు గురించి కూడా అడిగాం. నల్లమందు జాతి మందులు కూడా పిట్యూటరీని అణచివేస్తాయి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ట్రమడాల్‌ని 2019 మార్చి 1న, వాడా 2024 జనవరి 1న పోటీల్లో నిషేధించాయి. అంతకుముందు పెలోటాన్‌లో, అంటే రైడర్ల గుంపులో, అది బాహాటంగా తిరిగిన మందు. ఇతను ఈమధ్య వాడలేదు. ఫంగస్‌కి వాడే ఇట్రాకొనజోల్ గురించీ అడగాలి. అది కాలేయంలో బ్యుడెసొనైడ్ విరగకుండా ఆపి పీల్చే మందుని మాత్రంత బలంగా చేస్తుంది. అదీ లేదు.

ఈ సంగతులు అడిగే ముందే ఒక మాట స్పష్టం చేశాం. చెప్పినదంతా వైద్య రికార్డులో ఉంటుంది, జట్టుకి చెప్పం, కానీ రేపు టీయూఈ దరఖాస్తు రాయాల్సి వస్తే అందులో ఒక్క తేదీ కూడా మార్చం. నియమాల కోణంలో సలహాకి వేరే న్యాయవాదిని చూసుకోమన్నాం. ఈ మాట ముందే చెబితే రైడర్ బిగుసుకుపోతాడని కొందరు వైద్యులంటారు. ఇతను మాత్రం ఈ మాట విన్నాకే స్ట్రిప్ సంచిలోంచి తీశాడు.

పరీక్షే నిషిద్ధమైతే

పాఠ్యపుస్తకం ప్రకారం తర్వాతి మెట్టు సినాక్తెన్ పరీక్ష. ఏసీటీహెచ్‌కి నకలైన టెట్రాకొసాక్టైడ్ 250 మైక్రోగ్రాములు ఇచ్చి 30 నిమిషాలకీ 60 నిమిషాలకీ కార్టిసాల్ చూస్తారు. కానీ టెట్రాకొసాక్టైడ్ వాడా జాబితాలో ఎస్2 కింద ఎల్లవేళలా నిషిద్ధం, పోటీ ఉన్నా లేకున్నా. అదేం అనవసరపు నిషేధం కాదు. ఒకప్పుడు సైక్లిస్టులు దీన్నే సొంత కార్టిసాల్ పిండుకోవడానికి వాడారు. పోనీ ఇన్సులిన్ పరీక్ష చేద్దామంటే ఇన్సులిన్ కూడా ఎల్లవేళలా నిషిద్ధమే. ఏసీటీహెచ్‌ని విడుదల చేయించే సీఆర్‌హెచ్ హార్మోన్ పరీక్షదీ అదే గతి. నియమాల్లో దీనికి దారి ఉంది: రోగనిర్ధారణలో భాగంగా నిషిద్ధ పదార్థం అవసరమైతే దానికి టీయూఈ అడగొచ్చు. క్రీడాకారుల వైద్యం తెలియని ఆసుపత్రి దీన్ని మామూలు పరీక్షలా చేసి పంపేస్తుంది, రెండు రోజుల తర్వాత నమూనా సేకరణ అధికారి తలుపు తడితే చిక్కు మొదలవుతుంది.

మేం అప్పుడు ఆ పరీక్ష చేయలేదు. పొద్దుటి కార్టిసాల్ 83 నానోమోల్స్ కంటే తక్కువై, ఏసీటీహెచ్ అడుగంటి, లక్షణాలున్నప్పుడు ఇంకో పరీక్ష కొత్తగా చెప్పేదేమీ లేదు. పిట్యూటరీ ఎంఆర్ఐ మాత్రం తీయించాం. స్టెరాయిడ్ చరిత్ర దొరికిందని గడ్డ ఉండదని కాదు. ఎంఆర్ఐ శుభ్రంగా ఉంది.

రేసులు ఆపాలా, టీయూఈ అడగాలా

జట్టు కోరిక రెండోది. హైడ్రోకార్టిసోన్ ఇవ్వండి, టీయూఈ పెట్టండి, జూలైకి కావాలి అన్నారు. మేం ఒప్పుకోలేదు. మొదటి కారణం వైద్యం. రోజుకి ఇచ్చే 20 మిల్లీగ్రాములు ఇంట్లో ఉండే మనిషికి సరిపోయే మోతాదు. రోజుకి అయిదు గంటల చొప్పున మూడు వారాలు తొక్కేవాడికి ఎంత కావాలో ఎవరి దగ్గరా నమ్మదగిన లెక్క లేదు. దానికి తోడు కొండ దిగేటప్పుడు గంటకి 80 కిలోమీటర్ల వేగంలో పడి తొడ ఎముక విరిగితే, సొంత కార్టిసాల్ లేనివాడి బీపీ రోడ్డు పక్కనే కుప్పకూలుతుంది.

రెండో కారణం నియమం. టీయూఈ షరతుల్లో ఒకటుంది: అడుగుతున్న మందు అవసరం, అప్పటికి నిషిద్ధమైన పదార్థాన్ని టీయూఈ లేకుండా ముందు వాడినందువల్ల వచ్చినది కాకూడదు, కొంతవరకైనా సరే. ఇతని సూదులు పోటీ లేని రోజుల్లో పడ్డాయి. కానీ కండలోకి ఇచ్చిన ట్రయామ్‌సినొలోన్‌కి వాడా సూచించిన వాషౌట్ 60 రోజులు, మూడో సూదికీ ఆ తర్వాతి రేసుకీ మధ్య అంత దూరం లేదు. ఇది ఏ గడిలో పడుతుందో తేల్చడం వైద్యుడి పని కాదు, టీయూఈ కమిటీది.

హైడ్రోకార్టిసోన్ నోటి ద్వారా పోటీ సమయంలోనే నిషిద్ధం. మందు ఉన్నన్నాళ్ళూ రేసు లేదనుకుంటే టీయూఈ అవసరమే రాదు. వైద్యం కోరేదీ అదే. సీజన్ వదులుకోవడానికి రైడర్ రెండు రోజులు తీసుకున్నాడు. కాంట్రాక్టు ఏడాది చివర ముగుస్తోంది మరి.

ఫలించనిది

మొదట రోజుకి 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్: లేవగానే మంచం మీదే 10, మధ్యాహ్నం 5, సాయంత్రం నాలుగున్నరకి 5. థైరాక్సిన్ ఆపేశాం. నాలుగో రోజుకి వికారం పోయింది, వారానికి నిలబడ్డాక బీపీ 102. ఇక్కడే అసలు గండం. ఒంట్లో బాగుందనిపించగానే రైడర్ తొక్కాలనుకుంటాడు. స్టెరాయిడ్ అంటే బరువు పెరుగుతుందన్న భయంతో మూడో వారంలో సాయంత్రపు మోతాదు తనంతట తాను మానేసి, ఎండలో నాలుగున్నర గంటలు, పొద్దున ఏమీ తినకుండా తొక్కాడు. రాత్రి వాంతులు, వణుకు, చక్కెర 56. ఇంట్లో ముందే పెట్టించిన 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ సూది భార్య వేసి అంబులెన్స్ పిలిచింది. ఆ సూది ఎలా వేయాలో మొదటి వారంలోనే ఆమెకి నీళ్ళతో, నారింజ పండు మీద నేర్పించి ఉంచాం.

కష్టమైన శిక్షణ రోజున అదనంగా 5 మిల్లీగ్రాములు ఇద్దామన్న సూచన ఈ ఘటన తర్వాత జట్టు నుంచి వచ్చింది. వద్దన్నాం. శిక్షణకి తగ్గట్టు మోతాదు పెంచుతూ పోతే పిట్యూటరీ ఎప్పటికీ లేవదు. పైగా అది చికిత్స పేరుతో మళ్ళీ పాత పనే అవుతుంది. మోతాదుకి తగ్గట్టు శిక్షణే ఉండాలి.

ఫలించినది

మొదటి ఆరు వారాలు వారానికి ఆరు గంటలు మించకుండా, హాయిగా మాట్లాడగలిగే వేగంలో, చదును రోడ్డు మీద. ఖాళీ కడుపుతో తొక్కడం పూర్తిగా బంద్. జేబులో గ్లూకోజ్, మెడలో స్టెరాయిడ్ కార్డు, పక్కన మనిషి. జ్వరం 38 దాటితే మోతాదు రెట్టింపు, 39 దాటితే మూడింతలు, వాంతి అయితే సూది, వెంటనే ఆసుపత్రి. ఈ నాలుగు ముక్కలూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అతికించమన్నాం.

మోతాదు నెమ్మదిగా దించాం. ఆరో వారానికి 15, మూడో నెలకి పొద్దున ఒక్కటే 10. మోతాదు పొద్దుటికే పరిమితం చేయడానికి కారణముంది: రాత్రి ఒంట్లో హైడ్రోకార్టిసోన్ లేకపోతేనే తెల్లవారుజామున పిట్యూటరీ ఏసీటీహెచ్ పంపడం మొదలుపెడుతుంది. ప్రెడ్నిసొలోన్ బదులు హైడ్రోకార్టిసోన్ ఎంచుకున్నదీ అందుకే, ఇది త్వరగా దిగిపోతుంది. ప్రతి పరీక్షకీ చివరి మోతాదు నుంచి 24 గంటలు ఆగి ఎనిమిదింటికి రక్తం తీశాం. మందు వేసుకుని వస్తే యంత్రం ఆ మందునే కార్టిసాల్‌గా చదువుతుంది. ఆరో వారంలో 95, మూడో నెలలో 168, అయిదో నెలలో 240, ఏడో నెలలో 335. 150 లోపు ఉంటే మోతాదు కొనసాగింపు, 300 దాటితే ఆపొచ్చన్నది ఇప్పటి యూరప్, అమెరికా ఎండోక్రైన్ సంఘాల ఉమ్మడి మార్గదర్శకం. ఏడో నెలలో ఆపేశాం. మందు అక్కర్లేకపోవడం వేరు, రేసులో పడ్డా తట్టుకోవడం వేరు. అందుకని సినాక్తెన్ పరీక్షకి టీయూఈ అడిగి, అనుమతి కాగితం చేతికొచ్చాకే చేశాం. 30 నిమిషాలకి 542.

తిండి దానంతట అదే దారికి వచ్చింది. కొవ్వు తీసేసిన బరువులో కిలోకి 45 కిలోక్యాలరీలు, శిక్షణ ఖర్చు పోను. నాలుగో నెలకి బరువు 65.5, టెస్టోస్టెరాన్ 15.1. మధ్యలో టెస్టోస్టెరాన్ జెల్ గురించి అడిగాడు. శక్తి లోటు వల్ల తగ్గిన టెస్టోస్టెరాన్‌కి టీయూఈ రాదు, అవసరమూ లేదు. తింటే పెరుగుతుంది, పెరిగింది. వెన్నెముక ఎముక సాంద్రత జెడ్-స్కోరు, అంటే తన వయసువాళ్ళ సగటుతో పోలిక, మైనస్ 1.9. సైకిల్ తొక్కడంలో ఎముక మీద భారం పడదు కాబట్టి రైడర్లకి ఇది ముందే బలహీనం, స్టెరాయిడ్ దాన్ని ఇంకా తిన్నది. విటమిన్ డి సరిచేసి, వారానికి మూడు రోజులు బరువులెత్తడం, గెంతడం పెట్టాం. ఏడాది తర్వాత మైనస్ 1.6. తుంటి నొప్పి ఉందన్నప్పుడు ఎక్స్‌రేతో సరిపెట్టకుండా ఎంఆర్ఐ తీశాం, తొడ ఎముక తలకి రక్తం ఆగడం అనే స్టెరాయిడ్ నష్టం మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు. అది లేదు.

ఇంత చేసినా అసలు ఫిర్యాదులు వదిలేస్తే మళ్ళీ సూదికే వెళతాడు. మోకాలి నొప్పికి మూలం సీటు. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 41 డిగ్రీలుంది, 25 నుంచి 35 మధ్య ఉండాలి. సీటు రెండు విడతల్లో 9 మిల్లీమీటర్లు పైకెత్తి, క్రాంక్ 172.5 నుంచి 170కి మార్చి, తొడ ముందు కండరాలకి నిదానంగా బరువు పెంచే వ్యాయామం ఇచ్చాం. ఏడాదిలో రెండు సూదులు తిన్న మోకాలు తొమ్మిది వారాల్లో కుదురుకుంది. ఆస్తమా ఉందన్నదానికి ఎక్కడా రుజువు లేదు. పొడిగాలి వేగంగా పీల్పించి చేసే పరీక్షలో ఎఫ్ఈవీ1, అంటే మొదటి సెకనులో బయటికి ఊదగలిగే గాలి, పది శాతం పడితే ఆస్తమా అంటారు, ఇతనికి 4 శాతమే పడింది. చలిలో రేసు తర్వాత వచ్చే దగ్గు చాలామంది రైడర్లకి ఉండేదే. బ్యుడెసొనైడ్ ఆపేశాం. పుప్పొడి అలర్జీ మాత్రం నిజం. దానికి యాంటీహిస్టమిన్, రక్తంలోకి తక్కువగా వెళ్ళే మోమెటసోన్ ముక్కు స్ప్రే, నాలుక కింద పెట్టుకునే అలర్జీ చికిత్స.

నేర్చుకోదగినవి

వాషౌట్ పట్టిక మూత్రం గురించి మాట్లాడుతుంది, అడ్రినల్ గురించి కాదు. మాత్రలకి 3 రోజులు, కీలులోకి ఇచ్చిన ట్రయామ్‌సినొలోన్‌కి 10, కండలోకి ఇస్తే 60 అన్నవి నమూనాలో మోతాదు పరిమితి దాటకుండా ఉండటానికి ఇచ్చిన రోజులు. వాటిని ఆరోగ్యం కుదుటపడే గడువుగా చదివే జట్టు వైద్యులున్నారు. యూసీఐ కీలు సూది తర్వాత 8 రోజులు రేసు వద్దన్న నియమం పెట్టినా అది కూడా అందాజు విశ్రాంతే. స్వచ్ఛందంగా చేరిన జట్లకి ఎంపీసీసీ అనే డోపింగ్ వ్యతిరేక సంఘం పొద్దుటి కార్టిసాల్ చూసి, తక్కువుంటే కనీసం 8 రోజులు ఆపమంటుంది. 2014లో స్పెయిన్ రేసు వుయెల్టాని ముందటి ఏడాది విజేత క్రిస్ హార్నర్ మొదలుపెట్టలేకపోయింది దీనివల్లే. మరుసటి ఏడాది టూర్‌లో లార్స్ బూమ్ కార్టిసాల్ తక్కువున్నా రేసు మొదలుపెట్టాడు, జట్టు తర్వాత ఆ సంఘమే వదిలింది. మా రైడర్ జట్టు అందులో సభ్యురాలు కాదు. ఆ ఒక్క గొట్టం రక్తం మార్చిలో తీసి ఉంటే బాత్‌రూమ్‌లో పడేదాకా వచ్చేది కాదు.

స్టెరాయిడ్ వాడిన ప్రతి రైడర్‌కీ అడ్రినల్ లోపం రాదు. ఒకే దారిలో ఒకసారి ఇస్తే చాలామందికి వారాల్లో సర్దుకుంటుంది. దారులు కలిసినప్పుడే ప్రమాదం. అందుకే ఎన్ని మిల్లీగ్రాములన్న ప్రశ్న కంటే ఎన్ని దారుల్లో, ఎన్ని నెలలు అన్న ప్రశ్న ఎక్కువ చెబుతుంది. ఇది యూరప్ సైక్లింగ్‌కే పరిమితమైన జబ్బు కూడా కాదు. మన ఊళ్ళలో మోకాళ్ళ నొప్పులకి ఆర్‌ఎంపీ దగ్గర కెనకార్ట్ (ఇదీ ట్రయామ్‌సినొలోనే) సూదులు వేయించుకుని, ఆయాసానికి డెక్సామెథసోన్ బిళ్ళలు నెలల తరబడి మింగి, అవి ఆపిన వారానికి నీరసం, వాంతులు, సోడియం తగ్గడంతో వార్డులో చేరే పెద్దవాళ్ళ కథ ఇదే. అక్కడా అడగాల్సింది ఏ దారిలో, ఎన్నాళ్ళు అనే. తీయాల్సింది పొద్దున ఎనిమిదింటి రక్తమే.

ప్రస్తుత స్థితి: మరుసటి సీజన్ వేరే జట్టుతో, ఒకరోజు రేసులతో మొదలు. బరువు 65, 20 నిమిషాల పవర్ 384 వాట్లు. మందు ఆపినప్పటి నుంచి ఏడాది పాటు స్టెరాయిడ్ కార్డు మెడలోనే ఉంచమన్నాం. ఏప్రిల్‌లో తడి రోడ్డు మీద పడి కాలర్‌బోన్ విరిగినప్పుడు మత్తు వైద్యుడు ఆ కార్డు చూసి ముందుజాగ్రత్తగా 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇచ్చి, ఏ టైముకి ఎంత ఇచ్చారో డిశ్చార్జి కాగితంలో రాశారు. అత్యవసర చికిత్స కింద టీయూఈ దరఖాస్తు ఆ కాగితంతోనే ఆ వారం వెళ్ళింది. ఆపరేషన్ తర్వాత ఆరో వారం పొద్దుటి కార్టిసాల్ 372.